చల్లగాలి – యంత్రశక్తి

“పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అని మన పెద్దలు ఊరకే అనలేదు. కంటి ఎదుట ఉన్న వస్తువును గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి మనిషికి సహజంగా తక్కువ. దూరదేశాల రాకెట్లను గురించి పుటలకొద్దీ చదివే విద్యార్థి, తన వీధిలో పోయే లారీ ఎందుకు నల్లని పొగ కక్కుతున్నదో ఒక్కక్షణం ఆగి ఆలోచించడు. అది మెకానిక్కు పని అనుకుంటాడు. ఆ మెకానిక్కేమో కారణం చెప్పడం చదువుకున్నవారి పని అనుకుంటాడు. ఈ ఇద్దరి నడుమ విజ్ఞానం దిక్కులేనిదై నిలిచిపోతున్నది.

మన కదిరికి పడమటి దిక్కున పెనుకొండ ఉన్నది. ఒకనాడు విజయనగర ప్రభువులకు రాజధానియై వెలసిన ఊరు అది. ఆ పెనుకొండ చెంత, ఎర్రమంచి గ్రామం వద్ద, 536 ఎకరాల స్థలంలో కియా సంస్థవారి కార్ల కర్మాగారం వెలసింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టు 8వ తేదీన తొలి సెల్టోస్ కారు అక్కడినుండి వెలుపలికి వచ్చింది. సాలుకు మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో దానిని నిర్మించారు. 2023 జులై నాటికి అక్కడ తయారైన కార్ల సంఖ్య పది లక్షలు దాటింది. వేరుశనగకు, చింతపండుకు పేరుపడిన మన సీమలో ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఒకనాడు తరగతిలో పాఠం ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. “సార్, సెల్టోస్ కారులో రెండు రకాల పెట్రోలు ఇంజన్లు ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకటిన్నర లీటరువే. ఒకదాని శక్తి 115 అశ్వశక్తి, రెండవదాని శక్తి 160. కొలత ఒకటే అయినప్పుడు బలంలో ఇంత తేడా ఎందుకు?” నేను భాషాసాహిత్యాలు బోధించేవాణ్ణి. ఆనాడు సమాధానం చెప్పలేకపోయాను. తరువాత భౌతికశాస్త్రం బోధించే సహాధ్యాపకులను అడిగి, పుస్తకాలు చూచి, మెకానిక్కుల షెడ్లలో నిలబడి నేర్చుకున్నదానిని ఈ వ్యాసరూపంలో విద్యార్థుల ముందుంచుతున్నాను.

ఇంజనుకు ఆహారం ఏది?

ఇంజనుకు ఆహారం ఏదని అడిగితే పెట్రోలు లేక డీజిలు అని తడుముకోకుండా చెబుతాం. అది సగం సత్యం మాత్రమే. తెలుగులో గాలి అన్నా, ఉర్దూలో హవా అన్నా, ఇంజను అసలు ఆహారం అదే. ఒక కిలో పెట్రోలు సంపూర్ణంగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలును మండించడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి ఖర్చవుతుంది. పెట్రోలును కొని పోస్తాం గనుక లెక్క పెడతాం. గాలిని ఎవరూ అమ్మరు గనుక దాని లెక్క మనకు పట్టదు.

ఇంజనులోనికి పెట్రోలును ఎక్కువగా పంపడం కష్టమైన పని కాదు. గాలిని ఎక్కువగా పంపడమే కష్టం. తగినంత గాలి లేనిచోట ఎంత ఇంధనం పోసినా అది పూర్తిగా మండక పొగయై పోతుంది. కమ్మరి కొలిమిలో బొగ్గులు ఎన్ని వేసినా, తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడదు గదా! కావున ఇంజను బలం అది ఎంత గాలిని పీల్చగలదన్న దానిమీదనే ప్రధానంగా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. మంటకు కావలసినది గాలి ఆక్రమించే చోటు కాదు, గాలి బరువు. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే ఆ గాలిలోని ప్రాణవాయువు బరువు. ఇంజను సిలిండరు ఒక కొలపాత్ర వంటిది. అది ప్రతిసారీ ఒకే కొలత గాలిని తీసుకుంటుంది. కానీ ఒకే శేరుతో పేలాలు కొలిస్తే ఒక బరువు, బియ్యం కొలిస్తే మరొక బరువు తూగుతుంది. గాలి సంగతి కూడా అంతే. అది చల్లగా ఉన్నప్పుడు చిక్కగా, వేడిగా ఉన్నప్పుడు పలుచగా ఉంటుంది.

వేడిగాలి పలుచన

వేడిచేస్తే వాయువు వ్యాకోచిస్తుందన్న నియమాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చార్లెస్ 1787 ప్రాంతంలో గమనించాడు. 1802లో గే-లుసాక్ దానిని ప్రకటించాడు. ఈ లెక్కను మనం వాడే సెంటీగ్రేడు డిగ్రీలలో కాక, సున్నాకు 273 డిగ్రీలు దిగువనుండి మొదలయ్యే కెల్విన్ మానంలో చేయాలి. 27 డిగ్రీల సెంటీగ్రేడు 300 కెల్విన్‌లతో సమానం. పీడనం మారకుండా ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు పెరిగితే గాలి చిక్కదనం సుమారు నూటికి ఒక పాలు తగ్గుతుంది. విద్యార్థులు ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకుంటే చాలు.

సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల చలిలో, ఒక ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలు. అదే చోట 40 డిగ్రీల వేడిలో 1.127 కిలోలే. అంటే నూటికి ఎనిమిది పాళ్ళు తరుగు. దీనికి తోడు మన కదిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తున గాలి పీడనం నూటికి ఇంచుమించు ఆరు పాళ్ళు తక్కువ. ఈ రెండు నష్టాలూ కలిస్తే వేసవి మధ్యాహ్నం కదిరిలో ఒక ఘనమీటరు గాలి 1.06 కిలోలు మాత్రమే తూగుతుంది.

ఒకటిన్నర లీటరు ఇంజను నిమిషానికి నాలుగు వేల సార్లు తిరుగుతున్నదనుకుందాం. నాలుగు ఘట్టాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మాత్రమే నిండుగా గాలి పీలుస్తుంది. ఆ లెక్కన నిమిషానికి మూడు వేల లీటర్ల గాలి కావాలి. చలికాలపు సముద్రతీరంలో ఆ గాలి బరువు సుమారు 3.7 కిలోలు. వేసవి కదిరిలో 3.2 కిలోలు. బయటి గాలి లోపలికి పోయే మార్గంలో కూడా వేడెక్కుతుంది గనుక, శక్తినష్టం కచ్చితంగా ఇదే నిష్పత్తిలో ఉంటుందని చెప్పరాదు. అయినా నష్టం జరగడం మాత్రం తథ్యం. కదిరి నుండి పులివెందులకు పోయే కనుమదారిలో “పొద్దున బండి బాగా లాగుతుంది, మిట్టమధ్యాహ్నం ఈడ్చుకుపోతుంది” అని డ్రైవర్లు చెప్పే మాటలో శాస్త్రసత్యం ఇదే. ఇంజను శక్తిని ప్రకటించేటప్పుడు దానిని 25 డిగ్రీల ప్రమాణ ఉష్ణోగ్రతకు లెక్కగట్టే పద్ధతి అంతర్జాతీయంగా ఏర్పడడానికి కారణం కూడా ఇదే.

పొగతో తిరిగే చక్రం

గాలి తనంతట తాను చాలినంతగా లోపలికి రానప్పుడు దానిని బలవంతంగా నెట్టాలి. కమ్మరి తిత్తి చేసే పని అదే. కానీ తిత్తిని ఊదడానికి ఒక మనిషి కావాలి. ఇంజనుకు ఆ మనిషి ఎవరు? ఈ ప్రశ్నకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో సమాధానం కనుగొని పేటెంటు పొందాడు.

ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడవ వంతు వేడిపొగ రూపంలో పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. బూషి ఆ పొగ దారిలో ఒక చిన్న రెక్కల చక్రాన్ని అమర్చాడు. పొగ వేగానికి అది తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన మరొక రెక్కల చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నెడుతుంది. పారవేసే పొగతోనే తాజాగాలిని తోడుకునే ఈ పరికరమే టర్బోచార్జరు. నేటి కార్లలో దీని చక్రం అరచేతిలో ఇమిడేటంత ఉండి నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. పెట్రోలు ఇంజనులో దానిని తాకే పొగ వేడి 800 డిగ్రీలు దాటుతుంది.

మా విద్యార్థి ప్రశ్నకు మొదటి సగం సమాధానం ఇక్కడ దొరికింది. 115 అశ్వశక్తి ఇంజను గాలిని తనంతట తాను పీలుస్తుంది. 160 అశ్వశక్తి ఇంజనుకు టర్బో గాలిని నెట్టి అందిస్తుంది. చక్రాన్ని తిప్పే బలం, అనగా టార్క్, మొదటిదానిలో 144 న్యూటన్ మీటర్లు కాగా రెండవదానిలో 253. ఆ కర్మాగారంలోనే తయారయ్యే సోనెట్ కారులో ఈ తేడా మరింత ఆశ్చర్యకరం. 2020లో వచ్చిన ఆ కారులో 1.2 లీటర్ల సామాన్యపు ఇంజను 83 అశ్వశక్తి ఇవ్వగా, అంతకంటె చిన్నదైన ఒక లీటరు టర్బో ఇంజను 120 ఇచ్చింది. పొట్ట చిన్నదైనా ఊపిరి పెద్దదైతే బలం పెరుగుతుందన్నమాట.

అదిమితే వేడెక్కుతుంది

అయితే ప్రకృతి ఏ వరాన్నీ ఉచితంగా ఇవ్వదు. సైకిలు చక్రానికి పంపుతో గాలి కొట్టిన ప్రతివారికీ ఒక అనుభవం ఉంటుంది. పది పోట్లు కొట్టేసరికి పంపు అడుగుభాగం చేతికి చురుక్కుమంటుంది. ఒరిపిడి వలన పుట్టిన వేడి కొంత ఉన్నా, ప్రధాన కారణం గాలిని అదమడమే. మనం చేసిన పని గాలిలో వేడిగా మారి నిలుస్తుంది. టర్బోచార్జరులో కూడా జరిగేది ఇదే.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నది. టర్బో గాలి పీడనాన్ని రెట్టింపు చేసింది. గాలిని అదిమే చక్రం సామర్థ్యం నూటికి 70 పాళ్ళు అనుకుందాం. అప్పుడు వెలువడే గాలి ఉష్ణోగ్రత ఎంత? లెక్క వేస్తే దాదాపు 138 డిగ్రీలు వస్తుంది. నీరు మరిగే వేడికన్న అధికం!

పీడనం రెట్టింపైంది గనుక గాలి బరువు కూడా రెట్టింపు కావాలని మనం ఆశిస్తాం. కానీ 40 డిగ్రీలు 313 కెల్విన్‌లు, 138 డిగ్రీలు 411 కెల్విన్‌లు. రెండును 313తో హెచ్చించి 411తో భాగిస్తే 1.52 వస్తుంది. అంటే చిక్కదనం ఒకటిన్నర రెట్లే అయింది. నూటికి నూరు పాళ్ళు పెరగవలసినది 52 పాళ్ళే పెరిగింది. మిగిలిన లాభాన్ని వేడి మింగివేసింది.

పెట్రోలు ఇంజనుకు ఈ వేడివలన మరొక ప్రమాదం ఉన్నది. సిలిండరులోని మిశ్రమం ప్లగ్గు రాజేసిన మంట తనను చేరకముందే, అదుపు తప్పి తనంతట తానే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్లు టకటకమని శబ్దం వస్తుంది. మెకానిక్కులు దీనినే నాకింగ్ అంటారు. ఇది మితిమీరితే పిస్టన్లు దెబ్బతింటాయి. నేటి కార్లలోని కంప్యూటరు ఈ శబ్దాన్ని పసిగట్టి, ప్లగ్గు నిప్పును కొంత ఆలస్యం చేసి, అవసరమైతే టర్బో నెట్టే గాలిని కూడా తగ్గిస్తుంది. ఇంజను బ్రతుకుతుంది కానీ శక్తి తగ్గుతుంది. డీజిలు ఇంజనులో నాకింగ్ బాధ ఈ విధంగా లేకపోయినా, వేడిగాలి వలన పొగ పెరుగుతుంది. హానికరమైన నైట్రోజన్ ఆక్సైడులు అధికమౌతాయి. పొగగొట్టం మరింతగా కాగిపోతుంది.

నడుమ నిలిచిన చలువయంత్రం

ఈ చిక్కుకు విరుగుడే ఇంటర్‌కూలరు. టర్బోకు, ఇంజనుకు నడుమ నిలిచి గాలిని చల్లబరిచేది గనుక దానికి ఆ పేరు వచ్చింది. చూడడానికి రేడియేటరు వలెనే ఉంటుంది. సన్నని అల్యూమినియం గొట్టాలు, వాటి నడుమ పలుచని రేకులు. రేడియేటరులో నీరు ప్రవహిస్తే, దీనిలో టర్బోనుండి వచ్చిన వేడిగాలి ప్రవహిస్తుంది. బండి ముందుకు పోతున్నప్పుడు ఎదురుగాలి ఆ రేకుల నడుమనుండి వీచి వేడిని తీసుకుపోతుంది. కావుననే చాలా కార్లలో దానిని ముందు బంపరు వెనుక అమరుస్తారు. గాలికి బదులు నీటితో చల్లబరిచే రకాలు కూడా ఉన్నాయి.

మన ఉదాహరణనే కొనసాగిద్దాం. టర్బో గాలికి అదనంగా ఎక్కించిన వేడి 98 డిగ్రీలు. ఇంటర్‌కూలరు దానిలో నూటికి 70 పాళ్ళను తొలగించిందనుకుంటే గాలి 69 డిగ్రీలకు దిగుతుంది. ఇప్పుడు చిక్కదనం 1.83 రెట్లు అవుతుంది. సన్నని గొట్టాల గుండా దూరిపోవడంలో పీడనం కొద్దిగా పడిపోతుంది. ఆ నష్టం నూటికి మూడు పాళ్ళనుకున్నా 1.77 రెట్లు మిగులుతుంది. ఇంటర్‌కూలరు లేనప్పటి 1.52తో పోల్చి చూడండి. అదే ఇంజను, అదే టర్బో. కేవలం చల్లబరిచినందువలన నూటికి 16 పాళ్ళకు పైగా అధికంగా గాలి లోనికి చేరింది. అంతకు తగినంత ఇంధనం అధికంగా మండగలదు.

ఇంత లాభం ఉన్నప్పుడు ఇంటర్‌కూలరును ఇంకా ఎంతో పెద్దదిగా ఎందుకు చేయరని సందేహం కలుగవచ్చు. అది పెద్దదైన కొద్దీ గాలి నింపవలసిన చోటు పెరుగుతుంది. కాలు నొక్కిన తరువాత బలం అందడానికి ఆలస్యమౌతుంది. బరువు, ఖర్చు, గొట్టాలలో పీడననష్టం కూడా పెరుగుతాయి. ఇంజనీరు నేర్పు ఈ లాభనష్టాల తూకంలోనే ఉన్నది.

మరొక పరిమితి కూడా గమనింపదగినది. గాలితో చల్లబరిచే ఇంటర్‌కూలరు ఎంత గొప్పదైనా లోపలి గాలిని బయటి గాలికన్న చల్లగా చేయలేదు. మన మట్టికడవలోని నీరు ఎండాకాలపు గాలికన్న చల్లగా ఉండడానికి కారణం, కడవకు చెమర్చిన నీరు ఆవిరి అవుతూ వేడిని లాగుకోవడం. ఇంటర్‌కూలరుకు ఆ చెమట లేదు. కావున బయటి వేడి దానికి ఎల్లప్పుడూ హద్దు. బయట 40కి బదులు 20 డిగ్రీలుంటే, ఇదే లెక్క ప్రకారం ఇంటర్‌కూలరు నుండి వెలువడే గాలి 69కి బదులు 48 డిగ్రీల దగ్గర ఉంటుంది. చిక్కదనంలో నూటికి ఏడు పాళ్ళ తేడా వస్తుంది. అయితే నేటి కంప్యూటరు ఒక నిర్ణీతమైన హద్దుకు మించి గాలిని నెట్టనీయదు గనుక, తెల్లవారుజామున ఆ అదనపు బలమంతా కాలికింద తెలియకపోవచ్చు. ఎండలో తగ్గే బలం మాత్రం తెలుస్తుంది.

చరిత్రలో కొన్ని మెట్లు

బూషి ఊహ కార్యరూపం దాల్చడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది. 1920లలో జర్మనీ ఓడల డీజిలు ఇంజన్లకు టర్బో అమర్చగా 1750 అశ్వశక్తి ఇంజను 2500 వరకు ఇవ్వగలిగింది. దీనికి ముందే, 1918లో, అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, పైక్స్ పీక్ అనే 4300 మీటర్ల పర్వతశిఖరం మీదికి చేర్చి పరీక్షించాడు. ఎత్తున గాలి పలుచబడినా ఇంజను నీరసించకుండా చేయవచ్చునని నిరూపించాడు.

కార్లలోనికి టర్బో 1962లో అమెరికాలో ప్రవేశించింది. ఓల్డ్స్‌మొబీల్ సంస్థవారి జెట్‌ఫైర్ కారు వాటిలో ఒకటి. దానికి ఇంటర్‌కూలరు లేదు. నాకింగ్‌ను ఆపడానికి నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని గాలితోపాటు ఇంజనులోనికి చిలకరించేవారు. అది ఆవిరియై మిశ్రమాన్ని చల్లబరిచేది. అంటే మన కడవ సూత్రమే! కానీ యజమానులు ఆ ద్రవాన్ని నింపడం మరచేవారు. అప్పుడు టర్బో ప్రయోజనం లేకపోయేది. ఆ కారు రెండు సంవత్సరాలకే అంతరించింది. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన ఏర్పాటు ఎంత తెలివైనదైనా నిలువదన్న నీతి ఇందులో ఉన్నది. జర్మనీలో పోర్షే 911 టర్బో కారు మొదట ఇంటర్‌కూలరు లేకుండా 260 అశ్వశక్తితో వచ్చింది. 1978 నమూనాకు ఇంజను కొలతను మూడు లీటర్లనుండి 3.3కు పెంచి, ఇంటర్‌కూలరును అమర్చగా అది 300 అశ్వశక్తికి చేరింది.

ఇవన్నీ పరదేశపు ముచ్చటలని అనుకోనక్కరలేదు. మన గుత్తిలో డీజిలు రైలింజన్ల షెడ్డు ఉన్న సంగతి అందరూ ఎరిగినదే. 1962 నుండి మన రైల్వేలలో ప్రవేశించిన డబ్ల్యు.డి.ఎం.-2 తరగతి ఇంజను 16 సిలిండర్లతో 2600 అశ్వశక్తి ఇచ్చేది. దానికి టర్బో ఉండేది. టర్బోనుండి వచ్చిన గాలిని నీటితో చల్లబరిచే కూలరు కూడా ఉండేది. కార్లలో ఈ మాట వినబడకముందే మన సీమ పట్టాలమీద ఈ సూత్రం పొగలు చిమ్ముతూ పరుగెత్తింది. అనంతరం లారీలకు వచ్చింది. కొన్ని లారీ ఇంజన్ల పేర్ల చివర కనిపించే టి.సి.ఐ.సి. అనే నాలుగక్షరాలు టర్బోను, ఇంటర్‌కూలరును సూచించేవే. మనం చదివాం, కానీ అర్థం అడుగలేదు.

ఒక స్వానుభవం

కొన్ని వేసవుల క్రితం పరీక్షాపత్రాల మూల్యాంకనానికి అనంతపురం పోవలసి, నలుగురు అధ్యాపకులం ఒక డీజిలు బండిని అద్దెకు మాట్లాడుకున్నాం. ఊరు దాటి చడవు ఎక్కేసరికి బండి మొరాయించింది. ఎంత తొక్కినా వేగం లేదు. వెనుక నల్లని పొగ. దారిలోని ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బానెట్ ఎత్తి చూచీచూడకముందే “టర్బో పోయింది, మార్చాల్సిందే” అన్నారు. వారు చెప్పిన మొత్తం ఆ డ్రైవరుకు రెండు మూడు నెలల సంపాదన. కొత్తగా అప్పుచేసి కొన్న బండి. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

నాకు మా కళాశాలలో బి.ఏ. చదివి, తండ్రితోపాటు షెడ్డులో పనిచేసుకుంటున్న ఒక పూర్వవిద్యార్థి గుర్తుకు వచ్చాడు. మెల్లగా బండిని వెనుకకు తిప్పి అతని వద్దకు పోయాం. అతడు ఏ పనిముట్టూ తీయలేదు. ఇంజను నడుస్తుండగా చెవి ఒగ్గి విన్నాడు. బుస్సుమని సన్నని శబ్దం వస్తున్నది. పిమ్మట ఇంజను ఆపించి, టర్బోనుండి ఇంటర్‌కూలరుకు పోయే హోస్ పైపు వెంట చేతిని పోనిచ్చాడు. ఒకచోట వేళ్ళకు నూనె తడి అంటింది. అక్కడ క్లిప్పు వదులై పైపు జారింది. “టర్బో యేం పోలేదు సార్, లోపలికి పోవాల్సిన గాలి బయటికి పోతాంది” అన్నాడు. క్లిప్పు మార్చి బిగించాడు. ఖర్చు వందలలో తేలింది. డ్రైవరు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

దారిపొడుగునా నేను ఆ మాటనే తలచుకున్నాను. టర్బో తిరుగుతూనే ఉన్నది. గాలిని అదుముతూనే ఉన్నది. కానీ ఆ గాలి ఇంజనుకు చేరలేదు. ఇంధనం ఉన్నది, ఊపిరి లేదు. అందుకే నల్లపొగ. కారణం ఎరిగినవాడు చేతితో తడిమి కనుగొన్నాడు. ఎరుగనివాడు వేలరూపాయల వస్తువును మార్చమన్నాడు. తెలియనితనానికి వెల చెల్లించేది ఎప్పుడూ బీదవాడే.

బండి ఉన్నవారికి నాలుగు మాటలు

సందర్భం వచ్చింది గనుక కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఇంటర్‌కూలరు రేకులలో దుమ్ము, పురుగులు, బురద చేరితే ఎదురుగాలి దూరదు. సర్వీసు సమయంలో దానిని మెల్లని నీటిధారతో కడిగించాలి. పెద్ద ఒత్తిడితో నీరు కొడితే పలుచని రేకులు వంగిపోతాయి. గాలి ఫిల్టరును వేళకు మార్చాలి. బలం తగ్గి నల్లపొగ వస్తే టర్బోను అనుమానించేముందు హోస్ పైపులను, క్లిప్పులను చూడాలి. దూరప్రయాణం చేసి, కనుమ ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపక, ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నడవనిస్తే టర్బో ఇరుసు వద్ద నూనె ప్రసరించి అది చల్లబడుతుంది. ఎండలో చాలాసేపు నిలిచిన బండికి ఎదురుగాలి లేక ఇంటర్‌కూలరే వేడెక్కి ఉంటుంది. బయలుదేరిన కొద్దిసేపు బలం తక్కువగా తోచినా కంగారుపడనక్కరలేదు.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానం ఒక్కమాటలో చెప్పాలంటే ఇది: ఇంజను కొలత మారలేదు, దాని ఊపిరి మారింది. టర్బో గాలిని అదిమింది, ఇంటర్‌కూలరు ఆ గాలిని చల్లబరిచింది. ఒకటి లేక రెండవది సగం పనే చేస్తుంది.

మన పట్టణంలో ఎందరో పిల్లలు ఏడవ తరగతికో, పదవ తరగతికో చదువు ఆపి షెడ్లలో చేరుతున్నారు. వారి చేతులకు వచ్చినంత విద్య వారి నోటికి రాదు. కళాశాలలో మన నోటికి వచ్చినంత విద్య మన చేతులకు రాదు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడు ఇద్దరూ విజ్ఞానమంటే ఇంగ్లీషువారి సొత్తని వెనుకంజ వేస్తున్నారు. పైన చెప్పిన లెక్కలలో కూడిక, హెచ్చవేత, భాగహారం తప్ప ఏమున్నది? సైకిలు పంపు, కొలిమి తిత్తి, మట్టికడవ — ఈ మూడూ ఎరిగినవాడికి ఈ విద్య అందరానిది కాదు.

కళాశాల పాలకవర్గం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మన ప్రయోగశాలలో ఒక పాత టర్బోను, ఒక పాత ఇంటర్‌కూలరును కోయించి, లోపలి భాగాలు కనిపించేటట్లు ఉంచగలిగితే అది పది ఉపన్యాసాలకు సమానం. పాతసామాన్ల దుకాణంలో వాటికి పెద్ద వెల ఉండదు. సంవత్సరానికి ఒక్కనాడైనా మన ఊరి మెకానిక్కును వేదికమీదికి పిలిచి, అతనికి కుర్చీ వేసి, అతడు చెప్పేది మనం క్రింద కూర్చుని విందాం.

పెనుకొండకు పోయే కర్మాగారం బస్సు ఎక్కే మన యువకులు రేపు అక్కడ మరలు బిగించడంతో ఆగిపోకూడదు. తాము బిగించిన పైపులో ఏ గాలి పోతున్నదో, అది ఎందుకు చల్లగా ఉండాలో తెలిసి బిగించాలి. అప్పుడు పెరటి చెట్టు తప్పక మందుకు పనికివస్తుంది.